దివిసీమలో బడి కబురు

మచిలీపట్నానికి చదువుల ఊరని పేరు. 1843లో రాబర్ట్ నోబుల్ అక్కడ ఇంగ్లీషు పాఠశాల తెరిచాడు. తర్వాత అదే నోబుల్ కళాశాల అయింది. 1902లో కృష్ణాపత్రిక పుట్టింది. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. 1950లో గుడివాడకు కళాశాల వచ్చింది, అక్కినేని నాగేశ్వరరావు పేరుతో నడుస్తోంది. 2008లో బందరుకు కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చింది. ఈ సంవత్సరాలన్నీ పోటీ పరీక్షల పుస్తకాల్లో ఉన్నాయి. మన పిల్లలు కూడా కంఠతా పడుతున్నారు.

ఆ పుస్తకాల్లో లేని చరిత్ర ఒకటుంది. బందరుకు దక్షిణాన, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే లోపున ఉన్న గడ్డ దివిసీమ. ఆ గడ్డ మీద కాలువ గట్ల వెంట, మడ అడవి పక్కన, ఇప్పుడైతే రొయ్యల చెరువుల మధ్యన మన యానాది పేటలున్నాయి. గుడివాడ వైపు చేపల చెరువుల గట్ల మీద కాపలా గుడిసెల్లోనూ మనవాళ్ళే ఉన్నారు. బడిలో ఏం జరుగుతోందో ఈ గుడిసెలకు ఎప్పుడు తెలిసింది, ఎలా తెలిసింది? మేము రాయదలచుకున్నది ఆ చరిత్ర. మేము యానాది, ఎరుకల కుటుంబాల నుంచి వచ్చి బళ్ళలో పనిచేస్తున్నవాళ్ళం. రోజూ ఈ కబుర్లు పంపేది, అందక తల పట్టుకునేది మేమే.

పాతకాలంలో ఊరికి కబురంటే టముకే. టముకు వేసే మనిషి ఊరి వీధులన్నీ తిరిగేవాడు. పేట ఊరికి దూరంగా కాలువ అవతల ఉండేది. గాలి ఇటు తిరిగితే టముకు వినపడేది, లేకపోతే లేదు. బడి కబురుకు ఆ టముకు కూడా లేదు. పంతులుగారు చెప్పింది ఊరి పిల్లవాడు గుర్తుంటే చెప్పాలి. నోటీసు బోర్డు మీద ఉన్నది చదవగలిగిన పెద్దవాళ్ళు పేటలో లేరు. వెన్నెలకంటి రాఘవయ్యగారు యానాదుల కోసం సంఘం పెట్టి, మన చదువు కోసం ఏళ్ళ తరబడి తిరిగారు. 1962లో మన మీద పెద్ద పుస్తకం కూడా రాశారు. అది ఇంగ్లీషులో ఉంది. మన గురించి వచ్చిన పెద్ద పుస్తకాన్ని కూడా మన తాతలు చదవలేని అక్షరాల్లోనే చూడాల్సివచ్చింది.

ఇక్కడ ఒక మాట గురించి ఆగి చెప్పాలి. బడిలో మనం రోజూ వాడే మాట హాజరు. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి వచ్చింది. ఎరుకలను, కొన్ని చోట్ల యానాదులను ఆ చట్టం కింద పేర్లు రాసి పెట్టారు. పేరు ఎక్కినవాళ్ళు చెప్పిన వేళకు పోలీసుల ముందు హాజరు వేయించుకోవాలి. చట్టం 1952లో పోయింది. బడి హాజరుపట్టీ కంటే ముందు పోలీసు హాజరుపట్టీలో పేరు చూసుకున్న కులాలు మనవి. అందుకే ఇవాళ వేలిముద్ర పెట్టమన్నా, ఫోన్లో ముఖం చూపించమన్నా మన ముసలివాళ్ళు వెనక్కి జరుగుతారు. అది వాళ్ళ అమాయకత్వమని సాటి ఉపాధ్యాయులు అంటుంటే విన్నాం. అది అమాయకత్వం కాదు, జ్ఞాపకం. ఎందుకు తీసుకుంటున్నారో, ఆ తర్వాత ఏమవుతుందో ముందుగా నోటితో చెబితే ఆ భయం చాలావరకు పోతుంది.

కబురు అందకపోతే ఏమవుతుందో దివిసీమకు చెప్పాల్సిన పనిలేదు. 1977 నవంబరు 19, శనివారం. ఉప్పెన వచ్చింది. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి లాంటి ఊళ్ళ పేర్లు ఆ రోజుతో దేశానికంతా తెలిశాయి. ప్రభుత్వ లెక్కలోనే చనిపోయినవాళ్ళు సుమారు 10 వేలు. అసలు లెక్క అంతకంటే ఎక్కువని దివిసీమలో అందరూ అంటారు. లెక్కలో పేరు ఎక్కని మనుషులు ఎక్కడెక్కువ ఉంటారో మనకు తెలుసు. రేషను కార్డు లేని, ఓటు లేని, చెరువు గట్టు మీద కాపురమున్న మనుషులు చనిపోతే ఎవరి పట్టీలోంచి పేరు కొట్టేస్తారు?

తుఫాను వస్తోందని రేడియోలో చెప్పారు. కానీ పేటలో రేడియో ఉన్న ఇల్లేది? ఉన్నా, బంగాళాఖాతంలో ఇన్ని కిలోమీటర్ల దూరాన వాయుగుండం అనే మాటను, మీ గుడిసె మీదికి నీళ్ళొస్తాయి లేవండి అనే మాటగా మార్చి చెప్పేవాళ్ళేరి?

ఆ తర్వాత నేర్చుకున్నారు. 1980 దశకంలో ఇన్శాట్ ఉపగ్రహం ద్వారా పనిచేసే తుఫాను హెచ్చరిక యంత్రాలను తీరంలో పెట్టారు. వాటి గొప్ప ఒకటే. సైరను మోగించి, ఆ ప్రాంతపు భాషలో మనిషి గొంతుతో, ఆ ప్రాంతానికి అవసరమైన హెచ్చరికనే వినిపించేవి. 1990 మే 9న ఇంకో పెద్ద తుఫాను కృష్ణ ముఖద్వారం దగ్గరే తీరం దాటింది. అప్పటికి లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యిలోపే. వెయ్యి తక్కువని మేము అనడం లేదు. 10 వేలకూ వెయ్యికీ మధ్య ఉన్న తేడాలో పెద్ద భాగం, విన్నవాళ్ళకు అర్థమయ్యేలా ముందుగా చేరిన మాటది.

పాఠశాలల గురించి చెబుతామని తుఫాను దగ్గరికి ఎందుకు వచ్చామంటే, బడి కబురుకు కూడా ఈ చరిత్రే ఉంది, కాకపోతే చావులు పైకి కనపడవు. స్కాలర్‌షిప్ గడువు తెలియక దాటిపోతుంది. కుల ధ్రువపత్రం తెమ్మన్న సంగతి తెలియదు. హాల్ టికెట్ ఆగిపోయిన సంగతి పరీక్ష రోజున తెలుస్తుంది. పిల్లవాడు చెరువు కాపలాకు పోతాడు. చనిపోయినవాళ్ళ లెక్కలాగే బడి మానేసినవాళ్ళ లెక్కలో కూడా వీళ్ళలో సగం మంది పేర్లు ఉండవు.

యానాది పిల్లలందరికీ తెలియాల్సిన ఇంకో సంగతి. శ్రీహరికోట మనవాళ్ళు తరాలుగా బతికిన దీవి. అడవిలో దుంపలు, తేనె, మూలికలు సేకరించి, చేపలు పట్టి బతికారు. రాకెట్ కేంద్రం కోసం ఆ దీవిని తీసుకున్నాక, 1971 నుంచి అక్కడ రాకెట్లు ఎగరడం మొదలయ్యాక, మనవాళ్ళను ఒడ్డుకు పంపారు. ఆ దీవి నుంచే 2004 సెప్టెంబరు 20న జీఎస్ఎల్వీ రాకెట్ ఎడ్యుశాట్‌ను పైకి తీసుకెళ్ళింది. మన దేశం విద్య కోసమే ప్రత్యేకంగా పంపిన మొదటి ఉపగ్రహం అది. ఉమ్మడి రాష్ట్రంలో మన టీవీ పేరుతో బళ్ళకు, కాలేజీలకు ఉపగ్రహం ద్వారా పాఠాలు వచ్చాయి. డిష్ ఉన్న గదిలో టీవీ ముందు కూర్చుంటే పాఠం వినపడేది. బాగానే ఉండేది. కానీ దీవి ఖాళీ చేసిన కుటుంబాల పిల్లలు ఆ గది దాకా రావడానికి కావలసిన కబురు మాత్రం ఏ ఉపగ్రహం మీదా రాలేదు. పాఠం చేర్చడం వేరు, ఇంటికి కబురు చేర్చడం వేరు. డిజిటల్ విద్య గురించి ఎవరు మాట్లాడినా ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

ఇంటికి కబురు చేర్చే పని సెల్‌ఫోన్‌తో మొదలైంది. ముందు వచ్చింది ఎస్ఎంఎస్. కాలేజీలు పంపేవి. అన్నీ ఇంగ్లీషులో. యువర్ వార్డ్ ఈజ్ ఆబ్సెంట్ టుడే అని. వార్డు అంటే మనవాళ్ళకు తెలిసింది పంచాయతీ వార్డు, లేకపోతే ఆసుపత్రి వార్డు. ఫోన్ పట్టుకుని పక్కింటి కుర్రాడి దగ్గరికి పరిగెత్తిన తల్లిదండ్రులున్నారు, ఆసుపత్రి అనుకుని. కొన్ని బళ్ళు తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపాయి. దాన్ని తెలుగు వచ్చినవాడూ చదవలేడు, ఇంగ్లీషు వచ్చినవాడూ చదవలేడు.

2013లో వాట్సాప్‌లో గొంతుతో కబురు పంపే వీలు వచ్చింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. 2017లో గూగుల్ తెలుగులో మాట్లాడితే రాసిపెట్టే ఏర్పాటు తెచ్చింది. ఈ మూడింటిని పెద్దవాళ్ళు ఎవరూ చదువు చరిత్రలో రాయరు. మా లెక్కలో నోబుల్ పాఠశాల తర్వాత రాయాల్సింది వీటినే. ఎందుకంటే అక్షరం రాని మనిషి బడితో నేరుగా మాట్లాడగలిగింది అప్పుడే. బొత్తాం నొక్కి పట్టుకుని మాట్లాడటానికి చదువు అక్కర్లేదు. మన పెద్దలు పాట, కథ, మందు, దారి అన్నీ నోటితోనే దాచుకున్నవాళ్ళు. వాళ్ళకు ఈ పరికరం కొత్తగా అనిపించలేదు.

2020 మార్చిలో కరోనాతో బళ్ళు మూసేశారు. సప్తగిరి ఛానెల్లో పాఠాలు వచ్చాయి, వాట్సాప్‌లో వర్క్‌షీట్లు వచ్చాయి. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులు తెరిచేదాకా ఇదే బడి. పేటలో ఫోన్ ఒకటి, అది తండ్రి జేబులో, తండ్రి రాత్రంతా చెరువు మీద. పిల్లకు ఫోన్ చేతికొచ్చేసరికి చార్జింగ్ ఉండదు. అయినా కొందరు ఉపాధ్యాయులు ఒక పని చేశారు. పాఠం వీడియో పంపడం మానేసి, రెండు నిమిషాల మాట పంపారు. డేటా కొంచెమే పడుతుంది. చెరువు గట్టు మీద సిగ్నల్ ఒక గీత ఉన్నా వస్తుంది. రాత్రి కాపలాలో తండ్రి విన్నాడు, తెల్లారి కొడుక్కి వినిపించాడు. ఆ తండ్రుల్లో చాలామంది బడి లోపలి మాట మొదటిసారి విన్నది అప్పుడే.

తర్వాతి సంగతులు మీకు తెలిసినవే. 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి పిల్లలకు, ఉపాధ్యాయులకు కలిపి దాదాపు 5 లక్షల ట్యాబుల పంపిణీ మొదలైంది. 2025 జనవరి 30న ప్రభుత్వం వాట్సాప్‌లో మన మిత్ర సేవ ప్రారంభించింది. హాల్ టికెట్లు, ఇంటర్ ఫలితాలు దానిలోకి వచ్చాయి. బందరు దాకా బస్సు చార్జీ పెట్టుకుని, ఒక రోజు కూలి పోగొట్టుకుని తిరిగే పని తప్పితే అది చిన్న మేలు కాదు. మేము వాడుతున్నాం, పిల్లల చేత వాడిస్తున్నాం. కానీ ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఇంకో పేరు ఉన్న పిల్లకు ఏ యంత్రమూ జవాబు చెప్పదు. యానాది ఇళ్ళలో పుట్టిన తేదీ చాలామందికి పంతులుగారు వేసిందే. దాన్ని సరిచేయడానికి మనిషి కావాలి, ఆ మనిషి ఎప్పుడుంటాడో చెప్పే కబురు కావాలి.

మాకు తెలిసిన బళ్ళ గ్రూపుల్లో వచ్చే కబుర్లు ఇప్పటికీ ఇలా ఉంటాయి: సంబంధిత విద్యార్థుల తల్లిదండ్రులు నిర్ణీత గడువులోగా ధ్రువీకరణ పత్రములను సమర్పించవలసినదిగా కోరడమైనది. దాని కింద పీడీఎఫ్. గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మాట్లాడకుండా తాళం. పరికరం కొత్తది, పద్ధతి టముకుది. టముకు వేసేవాడినైనా ఆపి ఏందన్నా అని అడగొచ్చు.

అదే కబురు గొంతుతో ఇలా పంపొచ్చు: అక్కా, నేను బళ్ళో పంతుల్ని మాట్లాడతన్నా. బాబు స్కాలర్‌షిప్ కాయితానికి శుక్రవారం ఆఖరు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం పట్టుకుని పది గంటలకు బడికి రా. రాలేకపోతే ఎప్పుడొస్తావో ఇందులోనే మాట్లాడి పంపు. అరనిమిషం పట్టదు. తేదీ, తేవాల్సిన కాగితం, రావాల్సిన చోటు, జవాబు చెప్పే దారి నాలుగూ ఉన్నాయి. పిల్లవాడి విషయం నలుగురి ముందు పెట్టకుండా తల్లికి విడిగా పంపాలి. ఫీజు బాకీ, హాజరు తక్కువ లాంటివి గ్రూపులో పేరుతో వేస్తే ఆ తల్లి సిగ్గుతో గ్రూపులోంచి బయటికి పోతుంది. పోయినవాళ్ళను మేము చూశాం.

ఎరుకల ఇళ్ళకు ఎరుకల భాషలో, సుగాలీల ఇళ్ళకు వాళ్ళ గోర్ మాటలో పంపడానికి మన యువకులే కావాలి. రాయడానికి లిపి లేదన్న అడ్డు గొంతుకు లేదు. డిగ్రీ చదువుతున్న పిల్లలు ఒక్కొక్కరు పది ఇళ్ళ బాధ్యత తీసుకుంటే చాలు: ఎవరి ఫోన్ నంబరు మారింది, ఎవరు ఏ చెరువు మీదికి వలస పోయారు, ఎవరికి ఫోనే లేదు. ఫోన్ లేని ఇంటికి నడిచి వెళ్ళాలి, దానికి యాప్ రాలేదు. వలస కుటుంబాలు వేసవిలో చెరువు మారతాయి, నంబర్లూ అప్పుడే మారతాయి. కాబట్టి బళ్ళు తెరిచే జూన్ మొదటి వారంలోనే ఆ పట్టీ ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉండాలి. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, గుడివాడ చుట్టుపక్కల ఉన్న మన పిల్లలు ఈ ఏడు ఆ పట్టీ రాయడం మొదలుపెడితే, నంబరు పక్కనే ఇంకో గడి గీసుకోండి: ఆ ఇంట్లో ఫోన్ ఏ వేళకు చేతికి దొరుకుతుంది అని.