పీయూష గ్రంథి కణితులు: శస్త్రచికిత్స తరువాత కిరణ చికిత్స ఎప్పుడు?

పీయూష గ్రంథి మెదడు అడుగున, ముక్కు వెనుకనున్న ఎముక గుంటలో శనగగింజంత పరిమాణంలో ఉంటుంది. దానిలో వచ్చే కణితుల్లో అత్యధికం క్యాన్సర్ కావు. అయినా అవి పైనున్న దృష్టినాడులను నొక్కి చూపు పోగొట్టగలవు. కొన్ని హార్మోన్లను అతిగా విడుదల చేసి చేతులు, దవడ పెరిగేలా చేస్తాయి. కణితిని తీసిన తరువాత మిగిలిన భాగానికి వెంటనే కిరణాలు ఇవ్వాలా, అది పెరిగేదాకా ఆగాలా అన్న ప్రశ్నకు వైద్యులు ఇచ్చిన జవాబు గడచిన శతాబ్దంలో దాదాపు తలకిందులైంది.

1907లో ఇన్స్‌బ్రుక్‌లో హెర్మన్ ష్లోఫర్ ముక్కు మార్గం గుండా ఈ కణితిని తొలగించాడు. 1909లో పారిస్‌లో ఆంత్వాన్ బెక్లేర్, ఇటలీలో గ్రామెన్యా దీనికి ఎక్స్‌రే చికిత్స ప్రయత్నించారు. అంటే రెండు పద్ధతులదీ ఇంచుమించు ఒకే ఈడు. వాటిని జతచేయడానికి బలమైన ఆధారం 1939లో దొరికింది. అమెరికన్ శస్త్రవైద్యుడు హార్వే కుషింగ్ చికిత్స చేసిన 338 మంది రోగుల వివరాలను హెండర్సన్ పరిశీలించాడు. శస్త్రచికిత్సతో పాటు కిరణాలు పొందినవారిలో కణితి తిరగబెట్టడం తక్కువని తేలింది. ఆ తరువాత దశాబ్దాల పాటు వెంటనే కిరణాలివ్వడం ఆనవాయితీ అయింది. దీన్ని తొందరపాటు అనడం అన్యాయం. ఆనాడు లోపల ఎంత మిగిలిందో చూపే సాధనం లేదు. రోగి చూపు మళ్లీ మందగించాకే కణితి పెరిగిందని తెలిసేది.

1960లలో మాంట్రియల్‌లో జూల్స్ హార్డీ సూక్ష్మదర్శినితో శస్త్రచికిత్సను మెరుగుపరిచాడు. 1971లో లండన్‌లో తొలి సీటీ స్కాన్, 1980లలో ఎంఆర్ఐ వచ్చాయి. కణితి కంటికి కనబడటం మొదలయ్యాక ఆగే ధైర్యమూ వచ్చింది. ఇంకోవైపు, పాత రోగులను ఏళ్ల తరబడి గమనించిన కొద్దీ కిరణాల వెల బయటపడింది. చాలామందిలో గ్రంథి క్రమంగా పనిచేయడం మానేసింది. 20 ఏళ్లలో సుమారు 2 శాతం మందికి మెదడులో మరో కణితి వచ్చింది. అందుకే నేడు శస్త్రచికిత్స జరిగిన మూడు నాలుగు నెలలకు ఎంఆర్ఐ తీసి, తరువాత ఏటా పోల్చి చూస్తారు. మిగిలిన భాగం పెరుగుతుంటేనో, మందులకు హార్మోన్లు లొంగకపోతేనో కిరణాలిస్తారు. మోతాదు సాధారణంగా 45 నుంచి 50 గ్రే. రోజుకు కొంత చొప్పున ఐదారు వారాలు పడుతుంది.

మన ప్రాంతంలో ఈ రెండు విద్యలూ 1950లలోనే వేళ్లూనాయి. హైదరాబాద్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరిట క్యాన్సర్ ఆసుపత్రి 1955లో ఏర్పడింది. విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రిలో డాక్టర్ బాలపరమేశ్వరరావు 1956లో న్యూరోసర్జరీ విభాగం ప్రారంభించారు.

ఇప్పుడు ముంబై రహదారిపై పటాన్‌చెరు దాటాక వచ్చే ఇస్నాపూర్‌ను తలచుకోండి. ఇక్కడ షిఫ్టుల్లో పనిచేసేవారిలో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవారు చాలామంది. 'ఆగి చూద్దాం' అంటే ఏటా స్కాన్, పాత ఫిల్ములు భద్రంగా ఉండటం, అదే ఆసుపత్రికి మళ్లీ రావడం. ఫ్యాక్టరీ మారి, అద్దె గది మారి, చివరికి సొంతూరు వెళ్లిపోయిన కార్మికుడి విషయంలో ఆ గొలుసు తెగిపోతుంది. మరి వెంటనే కిరణాలంటే? 30 కిలోమీటర్లకు పైగా దూరంలోని నగర ఆసుపత్రికి వారానికి ఐదు రోజులు, ఐదారు వారాలు తిరగాలి. ఈఎస్ఐలో పేరుంటే జీతంలో కొంత భాగమైనా వస్తుంది. పేరు లేని దినకూలీకి అన్ని రోజుల కూలీ పోయినట్టే.

'ఈ రోగి మళ్లీ రాడు, ఇప్పుడే కిరణాలిచ్చేద్దాం' అన్న వాదన అందువల్లే పుడుతుంది. నా దృష్టిలో అది సగమే సరైనది. కిరణాలు పొందినవారికి కూడా ఏటా హార్మోన్ పరీక్షలు తప్పవు. గ్రంథి మందగించి కార్టిసాల్ తగ్గినవారు రోజూ మాత్ర వేసుకోవాలి. అది మానేసినప్పుడు మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి తెస్తుంది.