జీతగాని బాకీ, జాన్ మ్యాకీ కేసు
(ఆట – చాకిరీ, 6వ భాగం)



పోయిన భాగంల పల్వంకర్ బాలూ గురించి రాసిన. 1911లో ఇంగ్లండ్ పోయి వికెట్ల మీద వికెట్లు తీసిన ఆ చమార్ బిడ్డ, 1937 ఎన్నికల్లో కాంగ్రెస్ టికెట్ మీద బాబాసాహెబ్ మీదనే పోటీకి దిగి ఓడిపోయిన సంగతి చదివి కొందరు బాధపడ్డరు, కొందరు కోపపడ్డరు. ఆ చర్చ నడవనియ్యండి. ఈసారి ఇంకా దూరం పోదాం.

జాన్ మ్యాకీ. అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, నల్లజాతి మనిషి, ఆటగాళ్ల యూనియన్ అధ్యక్షుడు. నల్గొండ, పాలమూరు పిల్లలకు ఈయనతోని ఏం పని అని ఎవరైనా అడుగుతరు. పని ఉన్నది. 'జీతం' అనే మాటకు మన జిల్లాల్లో ఉన్న పాత అర్థం తెలిసినోళ్లకే ఈయన వేసిన కేసు తొందరగా సమజైతది.

ముందుగాల ఆట సంగతి. ఇది మన హైదరాబాద్‌లో రహీం సాబ్ నేర్పిన, బలరాం ఆడిన ఫుట్‌బాల్ కాదు. దీంట్ల కాలికన్నా చేతికి పని ఎక్కువ. కోడిగుడ్డు లెక్క ఉండే బంతిని పట్టుకొని ఎదుటి జట్టు గీత దాటాలె. వంద గజాల మైదానం, జట్టుకు పదకొండు మంది. నాలుగు ప్రయత్నాలలో పది గజాలు ముందుకు పోకపోతే బంతి ఎదుటోళ్ల పాలు. కబడ్డీలో కూతకు పోయినోని మీద అందరూ పడి పట్టేస్తరు గదా, ఆ పట్టుడు ఆటంతా ఆగకుండ జరుగుతుందనుకోండి. హెల్మెట్లు, భుజాలకు కవచాలు తొడుక్కొని, క్వింటాల్ బరువున్న మనుషులు ఉరికొచ్చి ఒకర్నొకరు గుద్దుకుంటరు. ఆ గుద్దుడే ఈ కథకు చివర్ల మళ్ల ఎదురైతది.

ఈ ఆటలో 'టైట్ ఎండ్' అని ఒక స్థానం ఉంది. ముందు వరుసలో కొసకు నిలబడేటోడు. ఆయనకు రెండు పనులు. ఒకసారి ఎదుటోణ్ణి ఛాతీతో నెట్టి, వెనకాల బంతి పట్టుకొని వచ్చేటోనికి దారి చెయ్యాలె. ఈ పనికి స్కోరుబోర్డు మీద లెక్క ఉండదు. ఇంకోసారి తానే ఉరికి బంతి పట్టాలె. సగం కూలి, సగం హీరో. 1960ల దాక టైట్ ఎండ్ అంటే ఎక్కువగా నెట్టేటోడే. మైక్ డిట్కా, జాన్ మ్యాకీ వచ్చినంకనే ఆ లెక్క మారింది.

మ్యాకీ 1941లో న్యూయార్క్‌లో పుట్టిండు. తండ్రి బాప్టిస్ట్ పాస్టర్. సిరక్యూస్ యూనివర్సిటీలో ఆయన గదిలో తోడున్న దోస్తు ఎర్నీ డేవిస్. కాలేజీ ఫుట్‌బాల్‌లో అందరికన్నా పెద్ద బహుమతి హైస్మన్ ట్రోఫీని 1961లో అందుకున్న మొదటి నల్ల ఆటగాడు. డేవిస్ 23 ఏండ్లకే రక్త క్యాన్సర్‌తో 1963లో చనిపోయిండు. అదే ఏడాది మ్యాకీ బాల్టిమోర్ కోల్ట్స్ జట్టుల చేరిండు. తొమ్మిదేండ్లు అక్కడ, చివరి ఏడాది శాన్ డియాగోలో. పదేండ్లల్ల తప్పిపోయిన మ్యాచ్ ఒక్కటే. 331 సార్లు బంతి పట్టిండు, 5,236 గజాలు, 38 టచ్‌డౌన్‌లు. 1966లో చేసిన 9 టచ్‌డౌన్‌లలో ఆరు, యాభై గజాలు లేదా అంతకన్నా దూరం నుంచి వచ్చినవే. 1971 జనవరిలో జరిగిన సూపర్ బౌల్‌లో ఇద్దరి చేతులు తగిలి ఎగిరొచ్చిన బంతిని పట్టి 75 గజాలు ఉరికిండు. ఆ మ్యాచ్ కోల్ట్స్ 16–13తో గెలిచింది. అంకెలు ఇంతటితో చాలు.

ఇప్పుడు మన ఊర్లకు వద్దాం.

పట్నంలో జీతం అంటే ఒకటో తారీఖున బ్యాంకుల పడేది. మన తాతల నోట్లో జీతం అంటే వేరే. పెండ్లికో, చావుకో, రోగానికో దొర దగ్గర బాకీ తెచ్చుకుంటడు. అది తీరేదాక దొర ఇంట్ల, దొర చేన్ల చాకిరి. 'జీతం ఉండుడు' అంటరు. బాకీ లెక్క దొర కాగితంల ఉంటది. చదువు రాని జీతగానికి అది తగ్గిందో పెరిగిందో ఎట్ల తెలుస్తది? నిజాం సర్కారు రికార్డుల్లో దీని పేరు భగేలా. 1943లో ఆ సర్కారే భగేలా ఒప్పందాల మీద చట్టం తేవాల్సి వచ్చిందంటే అది ఎంత ముదిరిందో ఊహించుకోండి. జీతగాళ్లల్ల ఎక్కువమంది మాల, మాదిగలే. 1946–51 సాయుధ పోరాటం గురించి చదివేటప్పుడు భూమి మాట, గడీ మాట చదువుతం, జీతగాని బాకీ కాగితం మాట అంతగా చదవం. నా ఫిర్యాదు ఇది ఇవాళ్టిది కాదు, దీని మీద వేరేగా రాస్త.

జీతగాడు ఒక దొరను విడిచి ఇంకో పటేల్ దగ్గరికి పోదామనుకుంటే ఏమైతది? పోవచ్చు, కాళ్లకు సంకెళ్లు లేవు. కానీ కొత్త పటేల్ పాత దొరకు ఆ బాకీ కట్టాలె. అంత పెట్టి ఎవరు తీసుకుంటరు? ఎవరైనా తీసుకున్నా బాకీ తీరినట్టు కాదు, చేతులు మారినట్టు. మనిషి కూడా దానితోపాటే చేతులు మారిండు.

ఇది గుర్తుపెట్టుకొని అమెరికా నియమం చదవండి. 1962లో ఆర్.సి. ఓవెన్స్ అనే ఆటగాడు ఒప్పందం తీర్చుకొని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కోల్ట్స్‌కు వచ్చిండు. యజమానులకు భయం పట్టింది. మరుసటి ఏడాది లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ పేరు మీద 'రోజెల్ రూల్' పుట్టింది. ఆటగాని ఒప్పందం తీరినంక ఇంకో ఏడాది, కావాలంటే తొంభై శాతం జీతానికే, పాత జట్టు ఆయనను ఉంచుకోవచ్చు. ఆ ఏడాది కూడా అయిపోతే ఆయన 'స్వేచ్ఛ'గా ఇంకో జట్టుకు పోవచ్చు. అయితే కొత్త జట్టు పాత జట్టుకు పరిహారం ఇయ్యాలె, తన ఆటగాళ్లనో, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే హక్కునో. ఇద్దరికీ కుదరకపోతే ఎంత ఇయ్యాలో కమిషనర్ చెప్తడు. ముందు చెప్పడు, ఆటగాణ్ణి తీసుకున్నంకనే చెప్తడు. బాకీ ఎంతో తెల్వకుండనే జీతగాణ్ణి తెచ్చుకున్నట్టు. ఎవరు తెచ్చుకుంటరు?

కోర్టు లెక్కే చూడండి. 1963 నుంచి 1974 దాక 176 మంది తమ ఒప్పందం పూర్తిగా తీర్చుకొని బయటపడ్డరు. వాళ్లల్ల వేరే జట్టుకు పోగలిగింది 34 మందే. అందులో 27 సార్లు యజమానులు యజమానులే మాట్లాడుకొని లెక్క తేల్చుకున్నరు. మూడుసార్లు పాత జట్టు పరిహారం వదులుకుంది. నాలుగుసార్లు రోజెల్ తీర్పు చెప్పిండు. తక్కిన 142 మంది?

ఇక్కడ ఒక మాట. మ్యాకీ జీతగాడు కాదు. ఆయన ఆకలితో ఆడలే, ఆయన కొడుకు మెడకు ఆ బాకీ చుట్టుకోలే. కులం వేరు, జాతి వేరు, రెంటినీ ఒక్క గాటన కట్టి పోస్టర్ వేసుడు నాకు ఇష్టం లేదు. బేస్‌బాల్ ఆటగాడు కర్ట్ ఫ్లడ్ తనను సరుకు లెక్క ఇంకో జట్టుకు అమ్మడాన్ని 1969లో ఒప్పుకోనప్పుడు, ఎంత మంచి జీతం ఇచ్చినా బానిస బానిసే అనే అర్థంలో మాట్లాడిండు. 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయిండు. ఆ మాటకు వాళ్ల చరిత్రలో ఉన్న బరువు వాళ్లది. నేను పోలుస్తున్నది బతుకులను కాదు, నియమం కట్టిన తీరును. మనిషిని కట్టేయకుండనే, ఆయనను తీసుకునేటోని చేతులు కట్టేసే తీరు. మన పాలమూరు లేబర్‌ను గుంపు మేస్త్రీ అడ్వాన్సుతో కట్టినప్పుడు కూడా నడిచింది ఇదే.

1970లో రెండు లీగులు కలిసినయి, రెండు ఆటగాళ్ల సంఘాలూ కలిసినయి. కలిసిన యూనియన్‌కు మొదటి అధ్యక్షునిగా మ్యాకీని ఎన్నుకున్నరు. అప్పుడు ఆయన వయసు 28. ఆ ఎండకాలమే సమ్మె. పింఛన్లు, ఇతర సౌకర్యాల కింద 1.1 కోట్ల డాలర్లు అదనంగా సాధించుకున్నరు. రోజుకూలీ సంఘం నడిపినోళ్లకు తెలుసు, పేరున్నోడు ముందట నిలబడితే సగం భయం పోతది. తక్కిన సగం ఆ నిలబడ్డోడు మోస్తడు.

1972లో మ్యాకీ, ఇంకో పద్నాలుగు మంది కలిసి లీగ్ మీద కేసు వేసిండ్రు. అదే ఏడాది బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టిండ్రు, అమెరికా బ్లాక్ పాంథర్ల పేరు అందుకొని. ఈ రాకపోకలు అంతకన్నా పాతవి. ఫూలే 1873లో గులాంగిరి పుస్తకాన్ని, బానిసత్వాన్ని పోగొట్టిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చిండు. బాబాసాహెబ్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసిండు.

విచారణ 55 రోజులు నడిచింది. 63 మంది సాక్షులు, 11,000 పేజీలకు పైబడిన వాంగ్మూలం. 1975 డిసెంబర్ 30న జడ్జి ఎర్ల్ లార్సన్ రోజెల్ రూల్ చట్టవిరుద్ధమని తేల్చిండు. 1976 అక్టోబర్‌లో అప్పీల్ కోర్టు కూడా అది గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమే అన్నది. ఆ తారీఖుల పక్కన మన తారీఖులు పెట్టుకోండి. 1975 అక్టోబర్‌లో ఇక్కడ వెట్టి నిర్మూలన ఆర్డినెన్స్, 1976 ఫిబ్రవరిలో చట్టం. ఆ చట్టం రెండో సెక్షన్‌లో దేశమంతటి చాకిరీల పేర్లు వరుసగా ఉన్నయి. అందులో భగేలా ఉంది, జీతం ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. మన తాతల మాటలు పార్లమెంటు చట్టంల ఎక్కినయి. లా చదివే పిల్లలు ఆ సెక్షన్ తెరిచి ఒకసారి చూడండి.

గెలిచినంక ఏమైంది? కార్యకర్తలు చదవాల్సిన ముచ్చట ఇది. అప్పీల్ కోర్టు ఒక మాట అన్నది: ఇసొంటి నియమాలు కావాలంటే యజమానులు, యూనియన్ కూర్చొని నిజంగా బేరమాడి తేల్చుకోండి అని. 1977లో కూర్చున్నరు. కొత్త ఒప్పందంలో యూనియన్‌కు గుర్తింపు, కొన్ని ప్రయోజనాలు వచ్చినయి, పరిహారం నియమం రూపు మార్చుకొని లోపలికొచ్చింది. కోర్టులో కొట్టేసిన దాన్ని బేరం బల్ల మీద తిరిగి ఇచ్చేసిండ్రు. ఆ ఒప్పందం మీద సంతకం పడేనాటికి మ్యాకీ అధ్యక్షుడు కాదు. ఆటగాళ్లు నిజంగా జట్టు మారే హక్కు పొందింది 1993లో, ఇంకో కేసు గెలిచినంక. 1976 వెట్టి చట్టం తర్వాత మన ఊర్లల్ల ఎందరి బాకీ కాగితాలు చినిగినయి, ఎందరివి అడ్వాన్స్ కాగితాలయినయి, మీ ఇంట్ల పెద్దోళ్లను అడగండి.

మ్యాకీకి లీగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దొరికింది 1992లో, ఆయన పేరు పరిశీలనకు వచ్చే పదిహేనో, చివరి ఏడాదిలో. యూనియన్ నడిపినందుకే పక్కన పెట్టిండ్రని అక్కడ చాలామంది నమ్మిండ్రు, నేనూ నమ్ముత. దానికి ముందు 1984లో కోల్ట్స్ యజమాని జట్టునే రాత్రికి రాత్రి లారీలల్ల ఎక్కించుకొని బాల్టిమోర్ నుంచి ఇండియానాపోలిస్ తీసుకపోయిండు. ఆటగాడు ఊరు మారితే పరిహారం అడిగినోళ్లు, జట్టు ఊరు మారినప్పుడు ఊరికి ఏమిచ్చిండ్రు? మ్యాకీ తన హాల్ ఆఫ్ ఫేమ్ ఉంగరాన్ని ఇండియానాపోలిస్ పోయి తీసుకోనన్నడు, బాల్టిమోర్‌లనే తీసుకున్నడు.

ఆ తర్వాత మెదడు పోయింది. అరవై ఏండ్లు దాటకముందే మతిమరుపు, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా అన్నరు డాక్టర్లు. ఒకసారి ఎయిర్‌పోర్టుల తనిఖీకి ఉంగరాలు తియ్యమంటే, తన బంతి గుంజుకుంటున్నరన్నట్టు తప్పించుకొని ఉరికిండు. సిబ్బంది మీదపడి ఆపిండ్రు. ఆయన భార్య సిల్వియా ఖర్చుల కోసం విమానాల్లో ఎయిర్ హోస్టెస్ కొలువుకు పోయింది. తన భర్త రోగం ఎట్లుందో, చూసుకునేటోళ్లను అది ఎట్ల తినేస్తదో రాసి కమిషనర్‌కు ఉత్తరం పంపింది. 2007లో లీగ్, యూనియన్ కలిసి ఆయన జెర్సీ నంబర్ మీద '88 ప్లాన్' పెట్టినయి: డిమెన్షియా వచ్చిన పాత ఆటగాళ్లకు ఆసుపత్రి లాంటి సంరక్షణ కేంద్రానికి ఏడాదికి 88,000 డాలర్లు, ఇంట్లనే చూసుకుంటే 50,000 దాక. 2011 జులై 6న, 69 ఏండ్లకు మ్యాకీ చనిపోయిండు. మెదడును పరీక్షిస్తే సీటీఈ అని తేలింది, తలకు మళ్ల మళ్ల దెబ్బలు తగిలినోళ్లకు వచ్చే రోగం.

నన్ను ఆపింది ఈ 88 ప్లానే. పని మానుకున్న ముప్పై ఏండ్లకు బయటపడ్డ రోగానికి, పని చేయించుకున్నోళ్లు పైసలు కట్టుడు. షాద్‌నగర్ పక్కన పలుగురాయి మిల్లుల్లో దుమ్ము పీల్చి సిలికోసిస్ పట్టుకున్న మన కూలోళ్లకు ముందుగాల కావలసింది, తాను అక్కడ పని చేసిన్నని చూపించే ఒక కాగితం. మస్టర్‌ల పేరే ఉండదు. మ్యాకీకి 88 అనే నంబర్ ఉన్నది, ప్రతి గుద్దుడూ టీవీల రికార్డయి ఉన్నది.

వచ్చే భాగంల ఢిల్లీ పోదాం. 1982 ఏషియన్ గేమ్స్ కోసం స్టేడియాలు, రోడ్లు కట్టిన కూలోళ్ల తరఫున వేసిన కేసులో, కనీస కూలి కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకుంటే అది రాజ్యాంగం 23వ అధికరణం కింద వెట్టే అని సుప్రీంకోర్టు అదే ఏడాది తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదువుకొని రండి.