మాడిసన్ వీటో (1817): పరిమిత ప్రభుత్వ సూత్రం, దాని అన్వయం

1817 మార్చి 3న, అధ్యక్ష పదవి నుంచి దిగిపోవడానికి ముందురోజు, జేమ్స్ మాడిసన్ ఒక బిల్లును ఆమోదించకుండా ప్రతినిధుల సభకు తిప్పిపంపాడు. రెండవ జాతీయ బ్యాంకు తన చార్టరుకు ప్రతిఫలంగా చెల్లించవలసిన 15 లక్షల డాలర్ల బోనస్‌నూ, ఆ బ్యాంకులోని ప్రభుత్వ వాటాలపై వచ్చే డివిడెండ్లనూ రోడ్లు, కాలువల నిర్మాణానికి నిధిగా కేటాయించాలన్నది ఆ బిల్లు ఉద్దేశం. జాన్ కాల్హౌన్ దీనికి రూపకర్త. ప్రతినిధుల సభలో ఇది 86–84 ఓట్లతో గట్టెక్కింది. రోడ్లు, కాలువలు దేశానికి అవసరమని 1815 డిసెంబరు సందేశంలో చెప్పినవాడు మాడిసనే కనుక, బిల్లును సమర్థించినవారికి ఈ తిరస్కృతి అనూహ్యం. పైగా 1791లో జాతీయ బ్యాంకు రాజ్యాంగవిరుద్ధమని వాదించిన ఆయనే 1816లో రెండవ బ్యాంకు చట్టంపై సంతకం చేశాడు. బ్యాంకుకు చోటిచ్చిన రాజ్యాంగం కాలువకు ఎందుకు ఇవ్వలేదు?

దీన్ని అస్థిరత్వమని తేల్చివేయడం సులభం. కానీ 1787 నుంచి 1817 వరకు మాడిసన్ వాదాలను వరుసగా చదివితే వేరొక క్రమం కనిపిస్తుంది. అధికారానికి హద్దు ఉండాలన్నంతవరకు ఆయన తరంలో పెద్దగా భేదం లేదు. ఆ హద్దును జరిపే హక్కు ఎవరిది, ఏ పద్ధతిలో అన్నదగ్గరే వివాదం.

ఒక్క మాట చుట్టూ వివాదం

స్వాతంత్ర్య సమరకాలపు సమాఖ్య ఒడంబడిక రెండవ అధికరణం, కాంగ్రెసుకు ‘స్పష్టంగా’ అప్పగించని అధికారాలన్నీ రాష్ట్రాలవే అని చెప్పింది. 1789 ఆగస్టులో, తరువాత పదవ సవరణగా రూపొందిన ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు, అదే మాటను అందులో చేర్చాలని దక్షిణ కరోలినా ప్రతినిధి థామస్ ట్యూడర్ టక్కర్ కోరాడు. మాడిసన్ వ్యతిరేకించాడు. ప్రతి చిన్న విషయాన్నీ రాజ్యాంగంలోనే రాసిపెట్టలేనప్పుడు కొన్ని అధికారాలు అంతర్గతంగా ఉంటాయని ఒప్పుకోక తప్పదని ఆయన సమాధానం. ఆ మాట చేరలేదు. అక్షరం దాటి ఏమీ లేదనేవారిలో మాడిసన్‌ను చేర్చడం ఈ చర్చ తెలిసినవారికి సాధ్యం కాదు.

1791లో హామిల్టన్ బ్యాంకు ప్రతిపాదన వచ్చినప్పుడు ఆయన ప్రశ్న మరింత సూక్ష్మమైంది. అప్పు తీసుకునే అధికారానికి బ్యాంకు ఉపకరిస్తుంది, బ్యాంకుకు మరొకటి ఉపకరిస్తుంది అంటూ ఒక సాధనం నుంచి మరో సాధనానికి గొలుసు అల్లుకుంటూ పోతే, మొదటి అధికరణం ఎనిమిదవ సెక్షన్‌లో అధికారాలను లెక్కపెట్టి చెప్పడంలో అర్థమేముంది? ఫిబ్రవరి 8న సభ 39–20తో బిల్లును ఆమోదించింది. జెఫర్సన్ కాదన్నాడు, హామిల్టన్ అవునన్నాడు. ఫిబ్రవరి 25న వాషింగ్టన్ సంతకం చేశాడు.

ఆ తరువాతి ఇరవై ఏళ్లే మాడిసన్ తర్కానికి కీలకం. బ్యాంకు పనిచేసింది. కాంగ్రెస్, అధ్యక్షులు, న్యాయస్థానాలు దాన్ని పదే పదే గుర్తించాయి, ప్రజలు అంగీకరించారు. 1815 జనవరిలో మరో బ్యాంకు బిల్లును ఆయన వీటో చేసినప్పుడు సైతం రాజ్యాంగబద్ధత ప్రశ్నను ఈ కారణంతోనే పక్కనపెట్టి, ఆ పథకం ఆర్థికంగా చాలదనే అభ్యంతరంతో తిప్పిపంపాడు. అంటే తన వ్యక్తిగత అభిప్రాయం కంటే దీర్ఘకాల జాతీయ సమ్మతికి ఎక్కువ ప్రామాణ్యం ఇచ్చాడు.

కాలువలకు అటువంటి సమ్మతి లేదు. కంబర్లాండ్ రోడ్డుకు నిధులిచ్చిన పూర్వోదాహరణ ఉన్నా అటువంటివి చాలవని వీటో సందేశం తోసిపుచ్చింది. వాణిజ్యాన్ని నియంత్రించే అధికారంలో రోడ్డు వేసే అధికారం ఇమడదు. ‘సార్వజనిక సంక్షేమం’ అన్న మాటకు అపరిమితార్థం ఇస్తే అధికారాల జాబితా నిరర్థకమవుతుంది. అప్పుడు చట్టం యుక్తమా కాదా అన్నదే మిగులుతుంది, యుక్తాయుక్తాలను కోర్టులు విచారించలేవు. రాష్ట్రాల అనుమతి సైతం లేని అధికారాన్ని సృష్టించదు. మార్గం ఒక్కటే, రాజ్యాంగ సవరణ. రెండేళ్ల తరువాత మెకలాక్ కేసులో జాన్ మార్షల్ బ్యాంకును సమర్థించినప్పుడు, తీర్పు కన్నా దాని విశాలమైన హేతువాదమే మాడిసన్‌కు నచ్చలేదు. పదవ సవరణలో ‘స్పష్టంగా’ అన్న పదం లేకపోవడాన్ని మార్షల్ ఆ తీర్పులో ఎత్తిచూపాడు. ఆ పదాన్ని 1789లో అడ్డుకున్నవారిలో ముఖ్యుడు మాడిసనే.

సూత్రం వెనుక ప్రయోజనం

ఇంతవరకే చెబితే కథ మరీ నిర్మలంగా కనిపిస్తుంది. 1818లో ఉత్తర కరోలినా సెనేటర్ నథానియెల్ మేకన్ ఒక లేఖలో, కాంగ్రెస్ కాలువలు తవ్వగలిగితే బానిసలను విముక్తం చేయడానికి దానికి మరింత హక్కు ఉంటుందని హెచ్చరించాడు. 1824లో జాన్ రాండాల్ఫ్ సభలోనే ఆ భయాన్ని బాహాటంగా పలికాడు. కాలువను వ్యతిరేకించినవారిలో కొందరికి కాలువతో పేచీ లేదు. తమ తోటల్లోని మనుషులపై యాజమాన్యానికి రక్షణగా నిలిచే గోడ బీటలు వారుతుందన్నదే వారి కలవరం. మాడిసన్ సైతం బానిసల యజమానే. వీటో సందేశంలో బానిసత్వం ప్రసక్తి లేదు. అంతమాత్రాన ఆ భాషను ఎవరు, ఎందుకు అరువు తెచ్చుకున్నారన్న ప్రశ్నను చరిత్రకారులు వదిలిపెట్టలేరు. 1817లో కేంద్ర నిధుల కోసం గొంతెత్తిన కాల్హౌన్ పదకొండేళ్లకే రాష్ట్రాల హక్కుల సిద్ధాంతకర్తగా మారడం గమనార్హం.

అయితే సూత్రాన్ని పూర్తిగా ప్రయోజనానికి కుదించడం తొందరపాటే. వీటో వల్ల కాలువ ఆగిపోలేదు. ఖర్చు ఎవరిదన్నదే మారింది. కేంద్ర సాయం ఆశించిన న్యూయార్క్ రాష్ట్రం తన సొంత రుణంతో 1817 జులై 4న ఈరీ కాలువ పని మొదలుపెట్టి, 363 మైళ్ల పొడవున 1825లో పూర్తిచేసింది. అంతటి ఆర్థిక శక్తి లేని ప్రాంతాలకు మాత్రం ఈ దారి అందలేదు. పరిమిత ప్రభుత్వం అందరిపై సమంగా పరిమితి విధించలేదన్నది ఇక్కడ స్పష్టమవుతుంది.

ఒక చిన్న అంశం మిగిలివుంది. 1787 సెప్టెంబరు 14న ఫిలడెల్ఫియా సమావేశంలో కాలువలు తవ్వే అధికారాన్ని కాంగ్రెసుకు ఇవ్వాలని బెంజమిన్ ఫ్రాంక్లిన్ ప్రతిపాదించాడు. మాడిసన్ దాన్ని ఇంకా విస్తరించి, చార్టర్లు ఇచ్చే అధికారాన్నీ కలపాలన్నాడు. కాలువల వరకే కుదించి ఓటింగ్ జరపగా మూడు రాష్ట్రాలు అనుకూలించాయి, ఎనిమిది కాదన్నాయి. 1791లో బ్యాంకుకు వ్యతిరేకంగా ఆ సమావేశపు జ్ఞాపకాన్ని వాడుకున్న మాడిసన్, 1817లో తన వాదానికి అంతకంటే సూటిగా సరిపోయే ఈ ఓటును ప్రస్తావించలేదు. రాజ్యాంగానికి ప్రాణం పోసింది దాన్ని ఆమోదించిన రాష్ట్రాల సభలే తప్ప ముసాయిదా రాసినవారి అంతరంగం కాదని 1796 నాటికే ఆయన ప్రకటించి ఉన్నాడు. ఆ రోజు చర్చను నమోదు చేసిన ఆయన నోట్సు మరణానంతరం 1840లో అచ్చయింది. అప్పటికి రెండవ బ్యాంకు చార్టరు ముగిసి నాలుగేళ్లు, ఈరీ కాలువ పూర్తయి పదిహేనేళ్లు.