బాంబునకు అమర్చిన కన్ను

ఉత్తర వియత్నాంలో తాన్ హోవా పట్టణము చెంత మా నదిపై ఒక ఉక్కు వంతెన యున్నది. అక్కడివారు దానిని ‘హామ్ రోంగ్’, అనగా డ్రాగన్ దవడ, అందురు. పొడవు సుమారు 160 మీటర్లు. వెడల్పు 17 మీటర్లు మాత్రమే. 1965 ఏప్రిల్ 3న దీనిని కూల్చుటకు 46 అమెరికన్ ఎఫ్-105 విమానములు బయలుదేరినవి. పొగ విడిపోయిన పిమ్మట చూడగా వంతెన నిలిచియే యున్నది. మరునాడు మరల వచ్చిరి. దెబ్బతిన్నది గాని పడలేదు. తరువాత వందలాది దాడులు జరిగినను, పలువురు వైమానికులు ప్రాణములు కోల్పోయినను ఫలితము అదియే.

ఇది వైమానికుల చేతగానితనమా? లెక్క వేసి చూడుడు. 3,000 మీటర్ల ఎత్తునుండి విడిచిన బాంబు నేలను చేరుటకు, గాలి నిరోధమును లెక్కింపకున్నచో, సుమారు 25 సెకండ్లు పట్టును. విమానవేగపు అంచనాలో సెకండుకు 2 మీటర్ల పొరపాటున్నచో బాంబు 50 మీటర్లు తప్పిపడును. చేయి విడిచిన తరువాత దిద్దుకొనుటకు దారి లేదు.

1960లో థియొడోర్ మైమన్ తొలి లేసర్‌ను వెలిగించెను. అటుపై ఐదేండ్లకే, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇంజనీరు వెల్డన్ వర్డ్, ఆయన తోటివారు దీనిని బాంబుకు దారిచూపుటకు వాడబూనిరి. వారు క్రొత్త బాంబును చేయలేదు. పాత బాంబుకే ముందొక కన్ను, కదలు రెక్కలు బిగించిరి. విమానమునుండి లేసర్ కిరణమును లక్ష్యముపై నిలుపుదురు. అచట పరావర్తనమైన కాంతి కంటిపై పడును. కన్ను నాలుగు భాగములు. ఎడమ భాగమున కాంతి హెచ్చినచో రెక్కలు కదలి బాంబు ఎడమకు మళ్లును. చూచుటకు బొమ్మవలె నుండు ఉపాయమే!

1972 ఏప్రిల్ 27న ఈ బాంబులతో వచ్చిరి గాని మేఘములు కమ్ముటచే కిరణము పనికిరాలేదు. మే 13న ఆకాశము నిర్మలము. ఆనాడు వంతెన పశ్చిమ భాగము పీఠమునుండి ఊడిపోయినది.

మేఘమును జయించుట మిగిలినది. 1991 గల్ఫ్ యుద్ధములోను మబ్బులు, పొగ అడ్డు తగిలినవి. అందుచే అమెరికాలో మరియొక సాధనము పుట్టినది: బాంబు తోకకు అమర్చునది, జేడామ్. ఇది లక్ష్యమును చూడదు. ఉపగ్రహ సంకేతములచేతను, జడత్వమును కొలుచు పరికరములచేతను తానున్న చోటును తెలిసికొని, ముందుగా ఇచ్చిన అక్షాంశ రేఖాంశముల వద్దకు పోవును. కన్ను పోయి, చిరునామా వచ్చినదన్నమాట.

1999లో యుగోస్లావియాపై బి-2 విమానములు దీనిని మొదటిసారి యుద్ధమున వాడినవి. మే 7 రాత్రి బెల్గ్రేడ్‌లో ఐదు బాంబులు ఇచ్చిన అంకెల ప్రకారమే పోయి ఒక భవనముపై పడినవి. అది చైనా దౌత్య కార్యాలయము. ముగ్గురు చైనా పత్రికారచయితలు మరణించిరి. యుగోస్లావ్ సైనిక సరఫరాల కార్యాలయమును పటముపై గుర్తించుటలో తప్పు జరిగినదని, దౌత్య కార్యాలయము క్రొత్త చోటికి మారిన సంగతి తమ లక్ష్యముల పట్టికలో చేరలేదని అమెరికా చెప్పినది. ఆ సమాధానమును చైనా అంగీకరింపలేదు.