తల్లులు గుండ్రంగా కూర్చున్నప్పుడు

రెండేళ్ల కిందట మా హాస్టల్లో ఆరోగ్య సర్వే కాగితాలు పంచాము. ‘మీకు ఏమైనా ఇబ్బందులు ఉన్నాయా?’ అన్న ప్రశ్నకు దాదాపు పిల్లలందరూ ‘లేవు’ అని రాసిచ్చారు. అదే వారం రాత్రి భోజనాలయ్యాక వరండాలో వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టాము. అట్టముక్కల మీద జ్వరం, కడుపునొప్పి, నీళ్లు, చీకటి, ఇలా బొమ్మలు గీసి, ఒక్కొక్కరికీ మూడేసి చింతపిక్కలు ఇచ్చి, ఏది ఎక్కువ బాధపెడుతుందో దాని మీద పెట్టమన్నాము. ఎక్కువ పిక్కలు చీకటి బొమ్మ మీద పడ్డాయి. మరుగుదొడ్డికి వెళ్లే దారిలో లైటు లేదు. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తున్నారట. ఏళ్ల తరబడి పిల్లల మధ్యే ఉంటున్న మాకు ఆ సంగతి తెలియదు.

ఈ పద్ధతి మేము కనిపెట్టినది కాదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది, అందులో పెద్ద భాగం ఆదివాసీ తల్లులది. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో అది ఎక్కడా కనిపించలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాము.

కొద్దిమందిని ఒకచోట కూర్చోబెట్టి ఒకే విషయం మీద మాట్లాడించడాన్ని ఫోకస్ గ్రూప్ అంటారు. 1940లలో అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో రాబర్ట్ మెర్టన్ అనే సామాజిక శాస్త్రవేత్త రేడియో శ్రోతల అభిప్రాయాలు తెలుసుకోవడానికి ఇలాంటి ముఖాముఖీలు జరిపారు. తర్వాత వ్యాపార సంస్థలు సరుకులు అమ్ముకోవడానికి దీన్ని బాగా వాడుకున్నాయి. అడిగేది వాళ్లే, రాసుకుని వెళ్లిపోయేదీ వాళ్లే. చెప్పినవాళ్ల చేతిలో ఏమీ మిగిలేది కాదు.

ఆ తీరు బొలీవియా కొండల్లో మారింది. 1990లో ఇంకిసివి అనే ప్రాంతంలో ‘వార్మి’ పథకం మొదలైంది. అక్కడి ఆదివాసుల ఐమారా, కెచువా భాషల్లో వార్మి అంటే స్త్రీ. ఆసుపత్రులు దూరం, దారులు కష్టం, కాన్పుల్లో బిడ్డలు ఎక్కువగా చనిపోయేవారు. బయటివాళ్లు జబ్బుల జాబితా పట్టుకుని వెళ్లకుండా, ఆడవాళ్లే తమ కష్టాలను గుర్తించి, ఏది ముందో తేల్చి, ఏం చేయాలో నిర్ణయించి, చేసిన తర్వాత ఫలితాన్ని మళ్లీ కూర్చుని చూసుకున్నారు. తొలి మెట్టుకు ‘స్వీయ నిర్ధారణ’ అని పేరు. 1993 నాటికి కాన్పు సమయంలోనూ తర్వాతి కొద్ది రోజుల్లోనూ జరిగే శిశు మరణాలు వెయ్యికి 117 నుంచి 44కు దిగాయి. అయితే పోల్చి చూసేందుకు పథకం లేని ఊళ్లు అక్కడ లేవు. మార్పంతా దానివల్లేనా అనే అనుమానం అలాగే ఉండిపోయింది.

ఆ అనుమానం తీర్చే పని నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో జరిగింది. మహిళా బృందాలున్న ప్రాంతాల్లో నవజాత శిశు మరణాలు మిగతా ప్రాంతాలకన్నా 30 శాతం తక్కువని 2004లో తేలింది.

తర్వాతది మన దేశం కథ. జార్ఖండ్‌లోని పశ్చిమ సింగ్‌భూమ్, సరాయికేలా ఖర్సావాన్, ఒడిశాలోని కియోంఝర్ జిల్లాల్లో ‘ఏక్‌జుట్’ సంస్థ 2005 నుంచి 2008 వరకు ఈ పని చేసింది. అక్కడివాళ్లలో హో, సంతాల్, ముండా వంటి ఆదివాసీలు ఎక్కువ. నెలకోసారి సమావేశం, మొత్తం 20 సమావేశాలు. నడిపించేది డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఆ ప్రాంతపు స్త్రీయే, వాళ్ల భాషలోనే. కథలు, బొమ్మల కార్డులు, ఓటు వేసే ఆట. చదువు రానివాళ్లకూ సమానంగా ఓటు. మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తగ్గాయి. చివరి రెండేళ్లను విడిగా చూస్తే 45 శాతం. కాన్పు చేసేవారు చేతులు కడుక్కోవడం, బొడ్డు కట్టే దారాన్ని మరగబెట్టడం వంటి అలవాట్లు పెరిగాయి. మూడో ఏటికి తల్లుల మానసిక కుంగుబాటు కూడా తగ్గింది. మాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించింది అదే.

అన్ని చోట్లా ఇలా జరగలేదు. అదే కాలంలో బంగ్లాదేశ్‌లో సుమారు 1,400 మందికి ఒక బృందం పెడితే మరణాలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. ఏక్‌జుట్‌లో సుమారు 470 మందికే ఒక బృందం ఉండేది. బంగ్లాదేశ్‌లోనే బృందాల సంఖ్య బాగా పెంచి మళ్లీ చేస్తే 38 శాతం తగ్గాయి. ఏడు పరిశోధనలను కలిపి చూసిన 2013 నాటి విశ్లేషణ కూడా, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్న చోట ఫలితం బాగుందని చెప్పింది. మండలానికి ఒక మీటింగు పెట్టి, ఫొటో దిగి, ‘గ్రామస్థుల అభిప్రాయం సేకరించాము’ అని రాసుకునేవారికి ఈ లెక్క చూపించండి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని సిఫారసు చేసింది. జార్ఖండ్, ఒడిశాల్లో ఆశా కార్యకర్తలే బృందాలను నడిపినా మరణాలు 31 శాతం తగ్గాయని 2016లో వెల్లడైంది.

కూర్చుని మాట్లాడుకోవడం మన గూడేలకు కొత్తా అని మీరు అడగవచ్చు. కొత్త కాదు. కానీ పెద్దల కూటంలో మన అమ్మలు ఎక్కడ కూర్చుంటారు? వెనక, గోడవారగా. కోడళ్లయితే అక్కడికీ రారు. ఆ మాట దాచి గొప్పలు చెప్పుకోవడం మాకు ఇష్టం లేదు. మీలో నర్సింగు చదివేవాళ్లు, వాలంటీర్లుగా సర్వేలకు వెళ్లేవాళ్లు ఉన్నారు. ముందుగా ఆ గోడ దగ్గరికి వెళ్లండి.

మేమూ ఒక తప్పు చేశాము. ఆ రాత్రి వరండాలో మూడో తరగతి పిల్లలు పిక్కలు గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నారు. సిగ్గనుకున్నాము. లైటు పెట్టించాక రెండోసారి కూర్చున్నప్పుడు తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె మమ్మల్ని పక్కకు జరగమని, బొమ్మలన్నీ కోయ భాషలో చెప్పింది. గుప్పిళ్లు తెరుచుకున్నాయి. చిన్నపిల్లల పిక్కలన్నీ ఒకే బొమ్మ మీద పడ్డాయి: చెవిపోటు.