కోళ్ల రైతు బీరువాలు

హెరాల్డ్ వైస్‌బర్గ్ కోళ్లు పెంచేవాడు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, హయట్స్‌టౌన్‌లో ఫారం. సైనిక హెలికాప్టర్లు మరీ కిందుగా పోతుంటే కోళ్లు బెదిరిపోతున్నాయని సర్కారు మీదే కేసు వేసిన మనిషి. అంతకు ముందు సెనేట్ కమిటీలో పరిశోధకుడు, రెండో ప్రపంచ యుద్ధకాలంలో గూఢచారి సంస్థలో విశ్లేషకుడు. కాగితం చూస్తే అందులో రాయనిదేమిటో వెతకడం అక్కడే అలవాటైంది.

1963 నవంబరు 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనడీ హత్య జరిగింది. మరుసటేడు, హత్యపై విచారణకు ప్రభుత్వం వేసిన వారెన్ కమిషన్ నివేదిక వచ్చింది. వైస్‌బర్గ్ దాన్ని చదివి, తప్పులెన్ని ‘వైట్‌వాష్’ అనే పుస్తకం రాశాడు. ప్రచురణకర్తలు ముందుకు రాకపోతే 1965లో సొంత డబ్బుతో అచ్చేసుకున్నాడు. హంతకుడు ఫలానా అని ఆయన ఎన్నడూ చెప్పలేదు. ఆయన గొడవంతా కాగితాల గురించే.

తూటా ముక్కల మీద ఎఫ్‌బీఐ చేయించిన పరీక్షల ఫలితాలు ఇమ్మని 1970లో కోర్టుకెక్కాడు, ఓడిపోయాడు. విచిత్రమేమంటే ఆ ఓటమే పనికొచ్చింది. దర్యాప్తు ఫైళ్లన్నీ దాచుకోవచ్చన్న వెసులుబాటును తగ్గిస్తూ 1974లో సమాచార స్వేచ్ఛ చట్టాన్ని సవరించినప్పుడు సెనేట్ చర్చలో ఈయన కేసు ప్రస్తావనకొచ్చింది. అధ్యక్షుడు ఫోర్డ్ వీటో చేసినా కాంగ్రెస్ దాన్ని తోసిపుచ్చింది. ఇక ఫైళ్లు కట్టలు కట్టలుగా రాసాగాయి. 1978లో ఎఫ్‌బీఐ కెనడీ ఫైళ్ల నకళ్లు ఆయనకు ఉచితంగా ఇవ్వాలని జడ్జి ఆదేశించాడు. (మన దగ్గర సమాచార హక్కు కింద పుటకు రెండు రూపాయలు కట్టి నెలల తరబడి ఎదురుచూసినవాళ్లకు ఆ ‘ఉచితం’ విలువ చెప్పక్కర్లేదు.) మార్టిన్ లూథర్ కింగ్ హత్య ఫైళ్ల కోసం లాయర్ జిమ్ లెసార్‌తో కలిసి మరో పోరాటం. చివరికి ఇంట్లో బీరువాలకు చేరినవి రెండున్నర లక్షల పుటల పైమాటే.

తన వాదన ఒప్పుకోనివాళ్లు వచ్చినా ఆ బీరువాలు తెరిచేవాడు. అలాగని మెతక మనిషేం కాదు. ఆలివర్ స్టోన్ కెనడీ మీద సినిమా తీస్తున్నాడని తెలిసి, స్క్రిప్టును ఓ పత్రికా విలేకరి చేతిలో పెట్టేశాడు! ఆ సినిమా రేపిన దుమారంతోనే 1992లో కెనడీ రికార్డుల చట్టం వచ్చింది.

2002లో ఆయన పోయాక ఆ సంపద ఫ్రెడరిక్ పట్టణంలోని హుడ్ కాలేజీకి చేరింది, స్కాన్ అయి ఇంటర్నెట్‌కెక్కింది. అసలు ఫైళ్లు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయిగా, నకళ్లతో ఏం పని అనొచ్చు. ఇక్కడే ఉంది కీలకం. వచ్చిన ఫైళ్లను వచ్చిన వరుసలోనే ఉంచి, కావలసిన పుటలకు మరో నకలు తీసి వ్యక్తి పేరు మీదో, విషయం మీదో వేరే ఫోల్డర్లలో పెట్టుకునేవాడు. ఏ కాగితం పక్కన ఏ కాగితం ఉండాలన్నది ఆయన ఆలోచన. స్కానింగులో ఫోల్డరు పేరు పోతే ఆ ఆలోచనా పోతుంది. పుటలు మాత్రం మిగులుతాయి.

యంత్రానికి ఇవి లొంగే కాగితాలూ కావు. నకలుకు నకలు తీసినవి, మసకబారిన కార్బన్ ప్రతులు, అంచుల్లో అధికారుల గిలుకుడు రాతలు. అచ్చును గుర్తించే సాఫ్ట్‌వేర్ ఒక అక్షరం తప్పు చదివితే, పేరు కొట్టి వెతికేవాడికి ఆ పుట లేనట్టే.

2025 మార్చిలో అమెరికా ప్రభుత్వం కెనడీ ఫైళ్లను, దాచిన మాటల మీద పూసిన నల్లసిరా తొలగించి మరోసారి విడుదల చేసింది. తొందరలో బతికున్నవాళ్ల సోషల్ సెక్యూరిటీ నంబర్లూ బయటపడ్డాయి. జులైలో కింగ్ ఫైళ్లు, 2,30,000 పుటలకు పైగా. వీటి పక్కన వైస్‌బర్గ్ దగ్గరి 1970ల నాటి నకలు పెడితే, ఏ మాటను అప్పుడు దాచారో, ఎంతకాలం దాచారో కనిపిస్తుంది. ఇలా ఏళ్ల తరబడి సిరా కింద ఉండిపోయినవాటిలో సీఐఏ కార్యాలయం ఏ నగరంలో ఉందో చెప్పే ఒక్క మాటలాంటివీ ఉన్నాయి.