కోటి రూపాయల పరువు

సాగర్ ఎడమ కాలువ రాకముందు మిర్యాలగూడ వేరు, వచ్చాక వేరు. మెట్టచేలు మాగాణులయ్యాయి. వడ్ల వెనకే రైసు మిల్లులొచ్చాయి, మిల్లుల వెనక డబ్బు, డబ్బు వెనక ప్లాట్లు. ఉప్పుడు బియ్యానికి ఈ ఊరి పేరు దేశం నలుమూలలా తెలుసు. ఊరు ఎదిగిన వేగంతో పాటు కొన్ని కుటుంబాలకు కొత్తగా ఒక ఆస్తి సమకూరింది. రిజిస్ట్రారు ఆఫీసులో ఎక్కని ఆస్తి. దాన్ని పరువంటారు. తిరునగరు మారుతీరావు దాని కోసం తక్కిన ఆస్తులన్నీ పణం పెట్టాడు.

వైశ్య కుటుంబం, రియల్ ఎస్టేట్ వ్యాపారం, ఊళ్లో నలుగురిలో మాట చెల్లే మనిషి. ఒక్కగానొక్క కూతురు అమృత. ఆ పిల్లకు బడి రోజుల్లోనే పరిచయమైన అబ్బాయి పెరుమాళ్ల ప్రణయ్. మాల కులంలో పుట్టిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. తండ్రి ఎల్ఐసీ ఉద్యోగి. ఇల్లు గడవని పేదరికమేమీ కాదు. కట్నం అడిగారనీ, ఆస్తికి ఆశపడ్డారనీ తర్వాత చాలామంది చాలా అన్నారు. అవన్నీ పక్కన పెడితే మారుతీరావుకు మింగుడుపడనిది ఒక్కటే: మాల.

మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట తాలూకాల్లో మాల మాదిగ పేటలకు క్రైస్తవం కొత్త కాదు. నిజాం పాలనలో, 1890 ప్రాంతంలో, అబ్రహాం ఫ్రీసెన్ అనే మెన్నొనైటు మిషనరీ దక్షిణ రష్యా నుంచి నల్లగొండ చేరి, అమెరికన్ బాప్టిస్టు మిషను కింద పని మొదలుపెట్టాడు. కొద్ది ఏళ్లకే సూర్యాపేటలోనూ మిషను స్థలం వెలిసింది. క్యాథలిక్ ఫాదర్లు వేరే దారిలో వచ్చారు. ఈ దిక్కున రెడ్డి క్యాథలిక్ కుటుంబాలూ ఉన్నాయి. దొర గడీ ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్ల మనవలు ఆదివారం తెల్లచొక్కా వేసుకుని బైబిలు చంకన పెట్టుకుని నడిచారు. ఆ నడకలో ఉన్న గౌరవాన్ని తక్కువ చేసి చూడటం నాకు చేతకాదు. కానీ బాప్తిస్మం తొట్టిలో కులం మునగలేదు. ప్రభువు బల్ల ఒకటే, పెళ్లి సంబంధాల దగ్గరికొచ్చేసరికి మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు. సంఘ పెద్దలకు ఇది తెలియదని ఎవరూ అనరు.

ఈ మూడు ఊళ్లలో ఏ సంఘానికి వెళ్లినా యవ్వనస్తుల కూడిక ఒకటి ఉంటుంది. అక్కడ నడవడి గురించి చెప్పే వాక్యం చాలావరకు వద్దుల పట్టిక. సినిమా వద్దు, సిగరెట్టు వద్దు, ఫోను వద్దు, ప్రేమలు అసలే వద్దు. అన్యులతో విజ్జోడుగా ఉండొద్దని ఖరాకండీగా చెబుతారు. ఆ కొలతతో కొలిస్తే ప్రణయ్ తప్పిపోయిన గొర్రె. చేసుకున్నది హిందువుల అమ్మాయిని, అదీ హైదరాబాదులో ఆర్యసమాజంలో, 2018 జనవరి 30న. అతన్ని భక్తుడిగానో పరిశుద్ధుడిగానో చిత్రించాలని నాకు లేదు. అతను చేసిన పనుల్ని మాత్రం వరుసగా చూడాలి. మాటిచ్చిన పిల్లను పెళ్లాడాడు. బెదిరింపులొస్తే పోలీసుల రక్షణ కోరారు. పెళ్లిని దాచలేదు. ఆగస్టు 17న సొంత ఊళ్లోనే రిసెప్షను పెట్టుకున్నారు. ఆ వీడియో ఫేస్‌బుక్‌లో పెట్టారు, వేలమంది చూశారు. కడుపులో బిడ్డను తీయించుకొమ్మని తండ్రి వైపు నుంచి ఒత్తిడి వచ్చిందనీ, తాను ఒప్పుకోలేదనీ అమృత తర్వాత చెప్పింది. పాతికేళ్లు నిండని కుర్రవాడు డబ్బుకూ భయానికీ లొంగకుండా, ఎవరి మీదా చెయ్యెత్తకుండా, భార్యను పక్కన పెట్టుకుని పట్టపగలు తిరిగాడు. యవ్వనస్తుల కూడికల్లో ఇంతకంటే పెద్ద పాఠం చెప్పగా నేను వినలేదు.

ఆ ధైర్యానికి దేశపు పై కోర్టు అండ కూడా అప్పటికే ఉంది, కాగితం మీద. శక్తివాహిని కేసులో 2018 మార్చి 27న సుప్రీంకోర్టు, ఇద్దరు వయోజనులు ఇష్టపడి చేసుకున్న పెళ్లిలో కుటుంబానికైనా కుల పంచాయతీకైనా వేలుపెట్టే హక్కు లేదంది. అలాంటి జంటలను కాపాడటానికి పోలీసులు ఏమేం చెయ్యాలో వివరంగా రాసింది. ఆ తీర్పుకు ఆరు నెలలు నిండకముందే మిర్యాలగూడలో బేరం కుదిరింది.

పోలీసులు చెప్పిన ప్రకారం బేరం కోటి రూపాయలు. మారుతీరావు తనకు తెలిసిన అబ్దుల్ కరీం ద్వారా అస్గర్ అలీ, బారీ అనే కిరాయి మనుషుల్ని పట్టుకున్నాడు. బయానా లక్షల్లో ముట్టింది. చంపే పనికి బీహారు నుంచి సుభాష్ శర్మ వచ్చాడు. ఒకటి రెండు ప్రయత్నాలు గురి తప్పాయి. సెప్టెంబరు 14, వినాయక చవితి మర్నాడు. అయిదో నెల కడుపుతో ఉన్న అమృత పరీక్షలకని జ్యోతి ఆస్పత్రికి వెళ్లింది. పక్కన భర్త, అత్త. బయటికొచ్చి గేటు దాటుతుండగా వెనక నుంచి ప్రణయ్ మీద వేట కత్తి పడింది. అతని ప్రాణం పోయింది. సీసీ కెమెరా అంతా చూసింది, సాయంత్రానికి రాష్ట్రమంతా చూసింది. ఆ దృశ్యాన్ని నేనిక్కడ ఇంకోసారి చూపించను. చూసినవాళ్లకు గుర్తుంది.

నాలుగు రోజుల్లో అందరూ దొరికారు. పతనం అక్కడ మొదలైందని అనుకుంటాం. నిజానికి బయానా ఇచ్చిన రోజే అయిపోయింది, మనకు కనపడటమే ఆలస్యం. అరెస్టయిన తండ్రిలో పశ్చాత్తాపమే లేదని అప్పట్లో పోలీసు అధికారులు చెప్పారు. బయట అతనికి మద్దతుగా ర్యాలీ కూడా తీశారు. ఆడపిల్లల తల్లిదండ్రుల బాధ ఎవరికీ పట్టదా అన్నారు. ఆ బాధ అబద్ధమని నేననను. పెంచి పెద్ద చేసిన కూతురు చెప్పకుండా వెళ్లిపోతే తండ్రికి తిండి సయించకపోవటం సహజమే. ఆ బాధతో మంచం పట్టిన తండ్రులు ఈ ఊళ్లో చాలామంది ఉంటారు. వాళ్లెవరూ బీహారు నుంచి మనిషిని పిలిపించలేదు.

2019 జనవరి 30న, పెళ్లిరోజునే, అమృతకు కొడుకు పుట్టాడు. ఏప్రిల్లో మారుతీరావు బెయిలు మీద బయటికొచ్చాడు. కూతురు అత్తింట్లోనే ఉంది. కోటి రూపాయలు పోసి తెంపాలనుకున్న ముడి మరింత బిగిసింది. ఆస్తి ఉంది, అనుభవించే వారసురాలు గడప తొక్కదు. మనవడు అదే ఊళ్లో పెరుగుతున్నాడు, తాత ఎత్తుకోలేడు. 2020 మార్చి 8న హైదరాబాదులో ఆర్యవైశ్య భవన్ గదిలో అతను శవమై కనిపించాడు. పక్కన ఒక చీటీ. భార్యను క్షమాపణ అడిగి, కూతుర్ని తల్లి దగ్గరికి వెళ్లమన్నాడు. చంపించిన కుర్రవాడి గురించి అందులో మాట లేదు. మర్నాడు మిర్యాలగూడ శ్మశానానికి అమృత పోలీసు బందోబస్తుతో వెళ్తే, వెనక్కి పొమ్మని నినాదాలు చేశారు. తండ్రి ముఖం చూడకుండానే ఆమె తిరిగొచ్చింది. ప్రణయ్‌కు విగ్రహం పెడతామంటే దాని మీదా తగాదా నడిచి, సంగతి కోర్టుకెక్కింది. ఆ ఊళ్లో చనిపోయినవాడికి నిలబడటానికి గజం జాగా దొరకటం అంత కష్టమైంది.

ఇందులో చట్టం చేసే ఒక వింత ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులం హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. దళితుల్లోంచి క్రైస్తవంలోకి వెళ్లినవాళ్లు మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. మతం మారితే అంటరానితనం పోతుందని ఆ ఉత్తర్వు లెక్క. మారుతీరావు లెక్క వేరు. కిరాయి మాట్లాడినప్పుడు అతను ఎవరినీ బాప్తిస్మం సర్టిఫికెట్టు అడగలేదు. ఈ విషయంలో ప్రభుత్వం కంటే హంతకుడికే వాస్తవం బాగా తెలుసు.

సంఘాల్లో ప్రణయ్ కోసం ప్రార్థనలు జరిగాయి, కొవ్వొత్తులు వెలిగాయి. చనిపోయినవాణ్ని మనవాడనటం తేలిక. తమ సంఘంలో ఒక మాదిగ కుర్రవాడు రెడ్డి క్రైస్తవుల పిల్లను అడిగితే ఏం చేస్తారో, ఆ పెద్దలు ఇళ్లకెళ్లి ఆలోచించి ఉంటే బాగుండేది.

2025 జనవరి చివర్లో సూర్యాపేట పక్కన పిల్లలమర్రి దగ్గర, మూసీ కాలువ గట్టు మీద మరో దళిత యువకుడి శవం దొరికింది. అతనిదీ కులాంతర వివాహమే, పెళ్లై ఆరు నెలలు. పోలీసులు నిందితులుగా చూపినవాళ్లలో భార్య అన్నదమ్ములున్నారు, తండ్రి ఉన్నాడు, నానమ్మ కూడా ఉంది. కిరాయికి లక్షలో కోటో లేని ఇంట్లో సొంతవాళ్లే ఆ పనికి పూనుకున్నారన్నది కేసు.

ఆ తర్వాత ఆరు వారాలకు, మార్చి 10న, నల్లగొండలోని ప్రత్యేక న్యాయస్థానం ప్రణయ్ కేసులో తీర్పు చెప్పింది. మారుతీరావు తమ్ముడు శ్రవణ్ సహా ఆరుగురికి యావజ్జీవం. వేటు వేసిన సుభాష్ శర్మకు ఉరి. అది అమలు కావాలంటే హైకోర్టు ధ్రువీకరించాలి. మొదటి నిందితుడు, ఏ1, మారుతీరావు పేరు ముందు మృతుడు అని రాసి ఉంది, వినటానికి మనిషి లేడు. ఉరిశిక్ష విన్నవాడికి ప్రణయ్‌తో వైరం లేదు, అతని కులంతో పని లేదు, మిర్యాలగూడలో పోయే పరువూ లేదు.